హైదరాబాద్ నుంచి డాలస్: ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు, ఏ దారి

మీ ప్రశ్న ఇది. హైదరాబాద్ నుంచి డాలస్‌కి 14,400 కిలోమీటర్లు, 16 గంటలు అని ఒకచోట చూశారు. టికెట్ వెతికితే 23 గంటలు అంటోంది. అదే టికెట్ మీద బయల్దేరే టైము, దిగే టైము చూస్తే 12 గంటలే కనిపిస్తోంది. ఇందులో ఏది నమ్మాలి? ఖమ్మం నుంచి మొదటిసారి విమానం ఎక్కబోతున్న మీ అమ్మగారు, మోకాళ్ల నొప్పులున్న 68 ఏళ్ల మీ నాన్నగారు ఏ దారిలో వస్తే మంచిది? నేను బేగంపేట నుంచి విమానాలు ఎగిరే రోజుల్లో ఈ పనిలోకి వచ్చాను. అప్పటి నుంచి అమెరికా టికెట్లే ఎక్కువగా చేశాను, అందులోనూ పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులవే ఎక్కువ. అందుకని వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మీరు చూసిన అంకెలు అన్నీ నిజమే. ఒక్కోటి ఒక్కో సంగతి చెబుతోంది, అంతే. ముందు దూరం చూద్దాం.

దూరం లెక్క మీ ఇంట్లో గ్లోబు ఉంటే మీరే వేసుకోవచ్చు. శంషాబాద్ విమానాశ్రయం సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. డాలస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం 33 డిగ్రీల ఉత్తరం, 97 డిగ్రీల పడమర. ఆ రేఖాంశాలు రెండూ కలపండి. 78, 97 కలిపితే 175. భూగోళానికి సరిగ్గా అవతలి వైపు అంటే 180. అంటే మన ఊరికి డాలస్ దాదాపు అవతలి పక్కన ఉన్నట్టే, ఐదు డిగ్రీలే తక్కువ. అలాంటప్పుడు రెండు ఊళ్ల మధ్య దగ్గరి దారి తూర్పుకీ పోదు, పడమరకీ పోదు. ఉత్తర ధ్రువం వైపు ఎక్కి అవతలి పక్కకి దిగుతుంది. హైదరాబాద్ నుంచి ధ్రువానికి 90లో 17 పోతే 73 డిగ్రీలు. ధ్రువం నుంచి డాలస్‌కి 90లో 33 పోతే 57 డిగ్రీలు. మొత్తం 130. ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్లు. గుణిస్తే 14,430. కంప్యూటర్‌తో కచ్చితంగా లెక్క కట్టినా 14,420 దగ్గరే వస్తుంది. ఇంత సులువుగా లెక్క తేలే ఊళ్ల జంటలు ఎక్కువ ఉండవు. ఏడో తరగతి చదివే పిల్లలకి ఇది చెబితే అక్షాంశాలు, రేఖాంశాలు ఎప్పటికీ మర్చిపోరు.

ఇప్పుడు ఆ గ్లోబు మీద శంషాబాద్ దగ్గర దారం ఆనించి, డాలస్ దాకా బిగించి లాగండి. దారం దాదాపు నిటారుగా ఉత్తరానికి పోతుంది. ఢిల్లీ మీదుగా, కారకోరం పర్వతాల్లో కె2 శిఖరం పక్కగా, కిర్గిజ్‌స్తాన్, కజకిస్తాన్ దాటి, సైబీరియాలో ఓమ్‌స్క్ నగరం మీదుగా కారా సముద్రంలోకి వెళ్తుంది. ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల దూరంలో మంచు సముద్రాన్ని దాటి, కెనడా ఉత్తరపు దీవుల మీదుగా హడ్సన్ అఖాతం పడమటి అంచు పట్టుకుని కిందికి దిగి, అమెరికాలో ఒమాహా మీదుగా డాలస్ చేరుతుంది. గోడకి తగిలించే మ్యాప్‌లో ఇది కనబడదు. గుండ్రటి భూమిని పరిచి కాగితం చేసినప్పుడు ఉత్తరాన ఉన్న ప్రాంతాలన్నీ అడ్డంగా సాగిపోతాయి. గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపించేది అందుకే. సీటు ముందున్న స్క్రీన్ మీద విమానం గ్రీన్‌లాండ్ వైపు వంపు తిరిగి పోతుంటే "ఎందుకింత చుట్టూ తిప్పుతున్నారు" అని చాలామంది పెద్దవాళ్లు కంగారు పడతారు. ఆ వంపే దగ్గరి దారి. మీ అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి.

మీకు అంకెల్లో గందరగోళం రాకుండా ఇంకో మాట. ఇదే దూరం మైళ్లలో సుమారు 8,960, నాటికల్ మైళ్లలో సుమారు 7,785. విమానాల వాళ్లు వాడేది నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. రెండు వెబ్‌సైట్లు రెండు అంకెలు చూపిస్తే ముందు కొలత ఏమిటో చూడండి.

ఇక 16 గంటలు. పెద్ద విమానం గాలిలో గంటకి సుమారు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. 14,400ని 900తో భాగిస్తే 16. మీరు చూసిన వెబ్‌సైట్ చేసింది ఈ భాగాహారమే. అయితే ఆ దారిలో నేరుగా పోయే విమానం లేదు. ఇది రాస్తున్న నాటికి హైదరాబాద్ నుంచి డాలస్‌కి నాన్‌స్టాప్ సర్వీసు లేదు. 2021 జనవరిలో ఎయిరిండియా హైదరాబాద్ నుంచి షికాగోకి నేరుగా ఒక సర్వీసు మొదలుపెట్టింది, కానీ అది ఎక్కువ కాలం నిలవలేదు. అదే నెలలో కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో కాక్‌పిట్‌లో అందరూ మహిళలే ఉన్న సిబ్బంది, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరుకి విమానం నడిపారు. మన దక్షిణాది నుంచి అమెరికాకి ధ్రువం మీదుగా దారి ఉందని ఆ రోజు చాలామందికి మొదటిసారి తెలిసింది.

అంత దూరం పోగలిగే విమానాలు లేవా అంటే, ఉన్నాయి. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి సుమారు 15,300 కిలోమీటర్లు ఏ350 విమానం ఒక్క దూకులో పోతోంది. ఇబ్బంది ఇంధనం దగ్గర వస్తుంది. బోయింగ్ 777-300ఈఆర్ సంగతే తీసుకోండి. ట్యాంకులు నింపితే 1,81,000 లీటర్లకు పైగా, బరువులో దాదాపు 145 టన్నులు. ఆ విమానం గరిష్ఠంగా ఎగరగలిగే బరువే 351 టన్నులు. గంటకి ఏడెనిమిది టన్నులు మండుతుంది. అంటే పదహారో గంటలో కాల్చాల్సిన ఇంధనాన్ని మొదటి పదిహేను గంటలూ మోసుకుంటూ పోవాలి, ఆ మోయడానికి మళ్లీ ఇంధనం కాల్చాలి. దూరం పెరిగేకొద్దీ సరుకు తగ్గించాలి, కొన్ని సీట్లు ఖాళీగా వదలాలి. పైగా శంషాబాద్ 600 మీటర్ల పైన ఎత్తున్న పీఠభూమి మీద ఉంది. మే నెల ఎండలో గాలి పలచబడితే నిండు బరువుతో లేవడం ఇంకా కష్టం. మన ఊరి నుంచి డాలస్‌కి వెళ్లేవాళ్లకి కొదవ లేదు. అయినా నాన్‌స్టాప్ రాకపోవడానికి ఇదొక కారణం.

ఇంకో కారణం ఆకాశంలో గీసిన సరిహద్దులు. నేను పైన చెప్పిన దారం సైబీరియా మీదుగా పోతుంది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక అమెరికా, యూరప్ సంస్థల విమానాలకి రష్యా ఆకాశం మూసుకుపోయింది. మన దేశపు విమానాలకి, గల్ఫ్ విమానాలకి అది తెరిచే ఉంది. 2025 ఏప్రిల్ చివర నుంచి మన దేశపు విమానాలకి పాకిస్తాన్ ఆకాశం మూతపడింది. దాంతో ఢిల్లీ నుంచి పడమరకి వెళ్లేవి చుట్టూ తిరగాల్సి వచ్చింది. ధ్రువం వైపు దారికి వేరే కష్టాలున్నాయి. రెండు ఇంజన్ల విమానం ఒక ఇంజన్ ఆగిపోయినా నిర్ణీత సమయంలో దిగగలిగే విమానాశ్రయం అందుబాటులో ఉండేలాగే దారి గీయాలి. ఆ మంచులో అలాంటివి అక్కడొకటి ఇక్కడొకటి. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న విమానం ఇంజన్ సమస్య వల్ల రష్యా తూర్పు కొసన మగడాన్‌లో దిగింది. ప్రయాణికులు ఇంకో విమానం వచ్చేదాకా అక్కడే ఉండాల్సి వచ్చింది. విమాన ఇంధనం కూడా మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది, అమెరికాలో నింపే రకమైతే మైనస్ 40కే. శీతాకాలంలో ధ్రువం పైన బయటి గాలి అంతకన్నా చల్లగా ఉండే రోజులుంటాయి. అందుకే పైలట్లు ట్యాంకుల ఉష్ణోగ్రత చూసుకుంటూ, అవసరమైతే కిందికి దిగో, వేగం పెంచో నెట్టుకొస్తారు.

సరే, నేరుగా లేదు కాబట్టి ఎక్కడో ఒకచోట ఆగాలి. ఇక్కడే మీకు పనికొచ్చే సంగతి ఉంది. నేను ఈ లెక్క మొదటిసారి వేసుకున్నప్పుడు నాకే ఆశ్చర్యం వేసింది.

దుబాయ్ దారి: హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550 కిలోమీటర్లు, అక్కడి నుంచి డాలస్ 12,900. కలిపితే 15,450.
లండన్ దారి: 7,750, ఆపైన 7,630. కలిపితే 15,380.
ఫ్రాంక్‌ఫర్ట్ దారి: 7,120, ఆపైన 8,260. కలిపితే 15,380.
దోహా దారి: 2,910, ఆపైన 12,750. కలిపితే 15,660.

చూశారుగా. ఏ దారిన పోయినా కాస్త అటూ ఇటూగా పదిహేనున్నర వేల కిలోమీటర్లే. నేరు దారికన్నా వెయ్యి, పన్నెండు వందలు ఎక్కువ, అంటే గంటా గంటన్నర ఎక్కువ ఎగరడం. దుబాయ్ అంటే చుట్టుదారి, యూరప్ అంటే దగ్గరిదారి అనేవాళ్లున్నారు. దాన్నే తిప్పి చెప్పేవాళ్లూ ఉన్నారు. రెండూ నిలవవు. గాలిలో ఉండే గంటలు కూడా అన్నిట్లో ఇంచుమించు ఒకటే. దుబాయ్ అయితే నాలుగు గంటలు, ఆపైన పదహారు. ఫ్రాంక్‌ఫర్ట్ అయితే తొమ్మిదిన్నర, ఆపైన పదకొండు. లండన్ అయితే పదిన్నర, ఆపైన మరో పదిన్నర. మధ్యలో మూడు గంటలు ఆగితే ఎటు చూసినా 23, 24 గంటలు. మీరు టికెట్ మీద చూసిన 23 అదే, అసలైన ప్రయాణ కాలం.

కాబట్టి మీ చేతిలో ఉన్నది దూరం తగ్గించడం కాదు. ఉన్న ఇరవై గంటల కూర్చోవడాన్ని ఎక్కడ విరగ్గొట్టాలో ఎంచుకోవడం.

దానికి ముందు గడియారం సంగతి తేల్చేద్దాం. రేఖాంశాల తేడా 175 డిగ్రీలు అనుకున్నాం కదా. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది. 175ని 15తో భాగిస్తే పదకొండు గంటల నలభై నిమిషాలు. అందుకే ఇక్కడ పగలైతే అక్కడ రాత్రి. గడియారాల ప్రకారం చలికాలంలో డాలస్ మనకన్నా 11:30 గంటలు వెనక. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం ఒక గంట ముందుకి జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. ఆ మధ్య కాలంలో తేడా 10:30 గంటలు.

జులైలో టికెట్ మీద హైదరాబాద్‌లో ఉదయం 4కి బయల్దేరి, అదే రోజు సాయంత్రం 4కి డాలస్‌లో దిగుతున్నట్టు ఉందనుకోండి. కంటికి కనిపించేది 12 గంటలు. దానికి 10:30 కలపండి, 22:30 వస్తుంది. అదీ అసలు ప్రయాణం. అదే 22:30 గంటల ప్రయాణం డిసెంబర్‌లో చేస్తే డాలస్‌లో మధ్యాహ్నం 3కే దిగినట్టు కనిపిస్తుంది. గంట ఆదా కాలేదు, గడియారం మారిందంతే. తిరుగు ప్రయాణంలో కలపడానికి బదులు తీసేయాలి. డిసెంబర్‌లో శనివారం మధ్యాహ్నం 12కి డాలస్‌లో ఎక్కి ఆదివారం రాత్రి 8:30కి శంషాబాద్‌లో దిగితే, కనిపించేవి 32:30 గంటలు, అందులో 11:30 తీసేస్తే 21. దిగేవాళ్ల కోసం ఖమ్మం నుంచి కారు పంపేటప్పుడు తేదీ తప్పడం నేను చాలాసార్లు చూశాను. ఒక రోజు ముందే వెళ్లి ఎదురుచూసినవాళ్లున్నారు. దిగే టైము పక్కన ప్లస్ వన్ అని చిన్నగా ఉంటుంది, అంటే మర్నాడని. దాన్ని చూడకుండా కారుకి ఫోన్ చేయకండి.

వెళ్లేటప్పటికన్నా వచ్చేటప్పుడు తక్కువ టైము ఎందుకు పడుతుందని కూడా అడుగుతుంటారు. ఆకాశంలో తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి ఒక బలమైన గాలి నది పారుతుంటుంది. దాన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. గంటకి 150, 200 కిలోమీటర్ల వేగం దానికి మామూలే, చలికాలంలో ఇంకా ఎక్కువ. అమెరికా నుంచి వచ్చేటప్పుడు అది వెనక నుంచి తోస్తుంది. వెళ్లేటప్పుడు ఎదురొస్తుంది, లేదా దాన్ని తప్పించుకోవడానికి ఇంకా ఉత్తరానికి ఎక్కాలి. దుబాయ్ నుంచి డాలస్‌కి పదహారు గంటలు పట్టేది, డాలస్ నుంచి దుబాయ్‌కి పద్నాలుగున్నరలో అయిపోతుంది. గోదావరిలో పడవకి వాలుకి పోవడం, ఎదురెక్కడం ఎలాగో ఇదీ అంతే. ఆ గాలి రోజుకో తీరుగా ఉంటుంది కాబట్టి టికెట్ మీద టైముకి అరగంట ముందు దిగినా, ఇరవై నిమిషాలు ఆలస్యమైనా కంగారు పడనక్కర్లేదు.

ఇప్పుడు మీ నాన్నగారి మోకాళ్ల దగ్గరికి వద్దాం. నేనైతే మీ ఇద్దరు పెద్దవాళ్లకీ యూరప్ దారి చెబుతాను. కారణం ఒక్కటే. పదహారు గంటలు ఒకే సీటులో కూర్చోవడానికీ, పది గంటలు కూర్చుని, లేచి మూడు గంటలు కాళ్లు చాపుకుని, మళ్లీ పది గంటలు కూర్చోవడానికీ చాలా తేడా ఉంది. నలభై ఏళ్ల మనిషికి అది పెద్దగా తెలియదు. నొప్పులున్న మనిషికి పన్నెండో గంట దాటాక ప్రతి గంటా రెండు గంటల్లా గడుస్తుంది. 2024 జనవరిలో లుఫ్తాన్సా హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి నేరుగా మొదలుపెట్టాక ఈ సగం సగం దారి మనకి ఇంకా వీలైంది. లండన్‌కి బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఎప్పటి నుంచో ఉంది.

గల్ఫ్ దారిలో మంచి లేదని కాదు. హైదరాబాద్ నుంచి దుబాయ్, దోహా విమానాల్లో, అక్కడి నుంచి డాలస్ విమానంలోనూ తెలుగువాళ్లు నిండుగా ఉంటారు. ఇంగ్లీషు రాని అమ్మగారికి పక్క సీటులో తెలుగు మాట్లాడే మనిషి దొరికితే సగం భయం పోతుంది. మోకాళ్ల నొప్పులు లేకపోతే నేను గల్ఫ్ దారే చెప్పేవాణ్ణి. మీ నాన్నగారు మధ్య సీటులో ఇరుక్కోకుండా నడవా పక్క సీటు దొరికితే, గంటకోసారి లేచి నడుస్తానని ఆయన మాట ఇస్తే, గల్ఫ్ దారి కూడా ఆలోచించండి.

ఏ దారైనా మధ్యలో ఆగే సమయం మూడు గంటలకి తగ్గనివ్వకండి. ఇది నా సొంత అనుభవంతో చెబుతున్నాను. కొన్నేళ్ల క్రితం మా అమ్మకి నేనే టికెట్ చేశాను. వెతికినవాటిలో అన్నిటికన్నా తక్కువ గంటలున్నది అదే, మధ్యలో గంటా పది నిమిషాలే ఆగేది. మొదటి విమానం నలభై నిమిషాలు ఆలస్యంగా దిగింది. వీల్‌చైర్ మనిషి వచ్చేసరికి ఇంకో ఇరవై నిమిషాలు. రెండో విమానం గేటు మూసేశారు. తర్వాతి విమానం పద్నాలుగు గంటల తర్వాత. ఆవిడ చేతిలో మందుల డబ్బా ఉంది గానీ తినడానికి ఏమీ లేదు, ఎవరినైనా ఏదైనా అడగాలంటే భాష రాదు. నేను హైదరాబాద్‌లో ఫోన్ పట్టుకుని కూర్చుని ఆ రాత్రంతా గడిపాను. ఇరవై రెండు గంటలు అని నేను సంబరపడి కట్టిన టికెట్ ముప్పై ఆరు గంటల ప్రయాణమైంది. అప్పటి నుంచి పెద్దవాళ్లకి గంటలు లెక్కపెట్టి టికెట్ చేయడం మానేశాను.

ఇంకో సంగతి, చాలామందికి ఇది టికెట్ కొన్నాక తెలుస్తుంది. మామూలుగా అమెరికాలో మొదట ఏ విమానాశ్రయంలో దిగితే అక్కడే ఇమిగ్రేషన్, అక్కడే పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటి, మళ్లీ పెట్టెలు ఇచ్చి తర్వాతి విమానం ఎక్కాలి. పెట్టె మీద డాలస్ అని ట్యాగ్ ఉన్నా సరే. అందుకే న్యూయార్క్‌లోనో, షికాగోలోనో దిగి డాలస్‌కి మారే టికెట్లు పది వేలు తక్కువకి వచ్చినా మీవాళ్లకి వద్దు. నాలుగు పెట్టెలు బెల్టు మీంచి లాగడం, క్యూలో నిలబడడం, టెర్మినల్ మారడం మొదటిసారి వచ్చేవాళ్ల పని కాదు. ఆఖరి విమానం నేరుగా డాలస్‌లో దిగాలి. టికెట్ మొత్తం ఒకే పీఎన్ఆర్ మీద ఉండాలి. రెండు టికెట్లు విడివిడిగా కొంటే, ఒకటి ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ నష్టం మీదే.

యూరప్ దారిలో వీసా సంగతి కూడా చూడాలి. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారడానికి వేరే ట్రాన్సిట్ వీసా అక్కర్లేదు. కానీ యూరప్‌లో ఒక్కచోటే ఆగాలి. ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపుని షెంగెన్ అంటారు. ఒక షెంగెన్ ఊళ్లో దిగి ఇంకో షెంగెన్ ఊరికి మారి అక్కడి నుంచి అమెరికా వెళ్లే టికెట్లు ఉంటాయి, అలాంటివి కొంటే షెంగెన్ వీసా కావాలి. అది లేకపోతే శంషాబాద్‌లోనే ఎక్కనివ్వరు. మార్చిలో, అక్టోబర్ చివర్లో ప్రయాణమైతే ఇంకొక్కటి గమనించండి. యూరప్‌లో గడియారాలు మార్చే ఆదివారాలు, అమెరికాలో మార్చే ఆదివారాలు ఒకటి కావు. ఆ మధ్య వారాల్లో మీరు వేసుకున్న లెక్క ఒక గంట తేడా వస్తుంది.

ఒంటి సంగతి. విమానం లోపలి గాలి ఒత్తిడి సుమారు రెండు వేల మీటర్ల కొండ మీద ఉన్నట్టుంటుంది. తేమ బాగా తక్కువ, నోరు ఎండిపోతుంది. బాత్రూముకి లేవాల్సి వస్తుందని పెద్దవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు, అది మంచిది కాదు. లేవడమే వాళ్లకి కావాలి. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణాల్లో కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన పరిశోధన చెప్పింది. మామూలు మనిషికి ఆ ప్రమాదం చాలా చిన్నదే. కానీ ఆరు పదులు దాటి, మోకాళ్ల వల్ల నడక తగ్గినవాళ్లు డాక్టర్‌ని అడిగి బిగుతు మేజోళ్లు వేసుకోవడం మంచిది. బీపీ, షుగర్ మందులు ఆగిన ఊరి గడియారం చూసి వేసుకుంటే తప్పిపోతాయి. ఖమ్మం టైముతోనే ఒక చేతి గడియారం ఉంచుకుని, డాలస్ చేరేదాకా దాని ప్రకారమే వేసుకోమనండి. ఇన్సులిన్ అయితే మాత్రం డాక్టర్‌తో ముందే మాట్లాడాలి. మందులు చేతి సంచిలోనే ఉండాలి, చీటీతో సహా.

పగలు, రాత్రి పూర్తిగా తలకిందులవుతాయి కాబట్టి ఒళ్లు సర్దుకోవడానికి వారం పది రోజులు పడుతుంది. రాత్రి రెండింటికి లేచి కూర్చుంటారు, మధ్యాహ్నం భోజనం ముందు నిద్ర తూగుతారు. ఆ మొదటి వారంలో నయాగరా, వేగాస్ పెట్టుకోకండి. ఉదయం పూట ఎండలో కాసేపు నడిపించండి, అది త్వరగా సర్దుతుంది.

పెట్టెల్లో ఆవకాయ, పచ్చళ్లు, పొడులు పెట్టుకోవచ్చు, గట్టిగా మూతలు బిగించి లగేజీలో వేయాలి. చేతి సంచిలో పచ్చడి సీసా భద్రతా తనిఖీ దగ్గర ఆపేస్తారు. కరివేపాకు మాత్రం పెట్టొద్దని అమ్మగారికి గట్టిగా చెప్పండి. నిమ్మ, నారింజ తోటల్ని నాశనం చేసే తెగులు ఆ మొక్క ద్వారా వస్తుందని అమెరికాలోకి పచ్చి కరివేపాకు రానివ్వరు. అక్కడ అడిగినప్పుడు లేదని చెప్పి పెట్టెలో దొరికితే జరిమానా పడుతుంది.

మొత్తం లెక్క మీరు అడగలేదు గానీ చెబుతాను. ఖమ్మం నుంచి శంషాబాద్‌కి కారులో దాదాపు ఐదు గంటలు పెట్టుకోండి. విమానానికి నాలుగు గంటల ముందు చేరాలి, వీల్‌చైర్ ఉంది కాబట్టి. ఆపైన 23, 24 గంటల ప్రయాణం. డాలస్‌లో దిగాక ఇమిగ్రేషన్, పెట్టెలు, కస్టమ్స్‌కి గంటన్నర. అక్కడి నుంచి మీ ఇంటికి ఇంకో గంట. ఇంటి గడప దాటినప్పటి నుంచి మీ గడపలో అడుగు పెట్టేదాకా సుమారు ముప్పై ఐదు గంటలు. బయల్దేరే ముందు రోజు వాళ్లకి మంచి నిద్ర ఉండేలా చూడండి. చుట్టాలందరూ వచ్చి రాత్రంతా పెట్టెలు సర్దే ఇళ్లలో పెద్దవాళ్లు విమానం ఎక్కేలోపే అలిసిపోతారు. వీలైతే ఒక రోజు ముందు హైదరాబాద్ చేరుకుని బంధువుల ఇంట్లో పడుకోమనండి.

వీల్‌చైర్ కావాలని టికెట్ చేసేటప్పుడే రాయించండి, ఇద్దరికీ. అమ్మగారు బాగానే నడవగలరు కదా అనుకోకండి. నాన్నగారిని వీల్‌చైర్‌లో తీసుకెళ్తుంటే ఆవిడ వెనక పరిగెత్తాల్సి వస్తుంది, ఇద్దరూ విడిపోయే ప్రమాదం ఉంది. మీ ఫోన్ నంబరు, చిరునామా తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసిన కాగితం ఇద్దరి దగ్గరా విడివిడిగా పెట్టండి. డాలస్‌లో విదేశాల నుంచి వచ్చే విమానాలు ఎక్కువగా టెర్మినల్ డిలోకి వస్తాయి. విమానం నేల తాకిన వెంటనే అక్కడికి వెళ్లి నిలబడి ఆందోళన పడకండి. గంట, గంటన్నర తర్వాత వీల్‌చైర్ మనిషే వాళ్లని పెట్టెలతో సహా బయటి తలుపు దాకా తీసుకొస్తాడు. చలికాలమైతే రెండు శాలువాలు మీ కారులో ఉంచుకోండి.